డార్క్ చాక్లెట్ తింటే దడెందుకు?

జనవరి 1, 2026 నుంచి కెనడాలో ప్యాకెట్ ఆహారం మీద, సంతృప్త కొవ్వో చక్కెరో ఉప్పో హద్దు దాటితే, అట్ట ముందువైపు భూతద్దం గుర్తు వేయడం తప్పనిసరైంది. 'ఆరోగ్యానికి మంచిది' అనుకుంటూ కొంటున్న డార్క్ చాక్లెట్ మీదా ఆ గుర్తు కనిపించేసరికి చాలామందికి గుబులు పుట్టింది. ఈసారి మాకు వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు డార్క్ చాక్లెట్ చుట్టూనే తిరిగాయి. పోషకాహార నిపుణురాలి సమాధానాలు ఇవి.

భూతద్దం గుర్తు చూసి భయమేసింది

*మావారి గుండెకు మంచిదని రెండేళ్లుగా 70 శాతం డార్క్ చాక్లెట్ కొంటున్నాను. ఇప్పుడు అదే అట్ట మీద 'సంతృప్త కొవ్వు ఎక్కువ' అని వచ్చింది. ఇన్నాళ్లూ నా చేత్తో నేనే ఆయనకు హాని చేశానా? – ఓ గృహిణి, బ్రాంప్టన్*

మీరేమీ హాని చేయలేదమ్మా. చాక్లెట్ ఎప్పటిదే, దాని గురించి అట్ట మీద చెప్పాలన్న నిబంధన ఒక్కటే కొత్తది. 30 గ్రాముల ముక్కలో సుమారు 180 కేలరీలు, 13 గ్రాముల కొవ్వు ఉంటాయి. ఆ కొవ్వులో 7 గ్రాములు సంతృప్త కొవ్వు. రోజంతటికీ 20 గ్రాములని హెల్త్ కెనడా లెక్క కాబట్టి గుర్తు పడటం సహజమే. కోకో వెన్నలో మూడో వంతు దాకా ఉండే స్టియరిక్ ఆమ్లం చెడు కొలెస్ట్రాల్‌ను పెద్దగా పెంచదు, మిగతా సంతృప్త కొవ్వు మాత్రం పెంచుతుంది. అందుకే రోజుకు రెండు చిన్న గడులతో సరిపెట్టండి. ఆయనకు ఇప్పటికే స్టెంట్ పడినా, చెడు కొలెస్ట్రాల్ (ఎల్‌డీఎల్) ఎక్కువున్నా ఆ రెండు గడుల సంగతి కూడా డాక్టర్‌తో చెప్పండి.

డార్క్ అన్నారు, మొదటి పదార్థం చక్కెర!

*డార్క్ చాక్లెట్ అని తెచ్చుకున్నాను. వెనక్కి తిప్పి చూస్తే పదార్థాల జాబితాలో మొదటి పేరే చక్కెర. మోసపోయానా? ఇన్ని నెలలు తిన్నదంతా పంచదారేనా? – ఐటీ ఉద్యోగి, వాటర్లూ*

కంగారు పడకండి, అది చట్టం ఒప్పుకున్న డార్క్ చాక్లెట్టే. కెనడాలో 35 శాతం కోకో పదార్థం ఉంటే డార్క్ అని అమ్ముకోవచ్చు. పదార్థాలను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు కనుక, అలాంటి బార్‌లో చక్కెర ముందుంటుంది. 70 శాతం అని రాసి ఉంటే కోకో గింజ నుంచి వచ్చిన పొడి, వెన్న కలిపి అంత, మిగతాది చాలావరకు చక్కెర అని అర్థం. ఇకమీదట అంకె కనిపించే బార్, జాబితాలో కోకో ముందున్న బార్ ఎంచుకుంటే చాలు.

నాన్నగారికి షుగరు, చాక్లెట్ కోసం పట్టు

*సూపర్ వీసా మీద వచ్చిన నాన్నగారికి పన్నెండేళ్లుగా షుగరు, మెట్‌ఫార్మిన్ వాడతారు. 85 శాతం చాక్లెట్‌లో చక్కెర ఉండదని ఎవరో చెప్పారట, రాత్రికి సగం బార్ తినేస్తున్నారు. ఏమైనా అవుతుందేమోనని నాకు నిద్ర పట్టడం లేదు. – ఓ కూతురు, మిసిసాగా*

సగం బార్‌తో ప్రమాదమేమీ ముంచుకురాదు తల్లీ, మీరు నిద్రపోండి. అయితే చక్కెర లేదన్న మాట నిజం కాదు. 85 శాతం బార్ 30 గ్రాముల్లో ఇంచుమించు ఒక చెంచా చక్కెర ఉంటుంది, 70 శాతం బార్‌లో రెండు చెంచాల దాకా ఉంటుంది. కొవ్వు, పీచు తోడుండటం వల్ల అది రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది. భోజనం అయిన వెంటనే రెండు గడులు ఇవ్వండి, ఆ మేరకు అన్నం ఒక గరిటె తగ్గించండి. ఇక్కడి షుగరు మీటర్ లెక్క ఇండియాలో కంటే వేరని ఆయనకు చెప్పండి. అక్కడి 180 ఇక్కడ 10 అవుతుంది, ఇక్కడి అంకెను 18తో గుణిస్తే ఆయనకు అలవాటైన అంకె వస్తుంది. భోజనం చేసిన రెండు గంటలకు వరుసగా 10 దాటుతుంటే డాక్టర్‌ను కలవాలి. 'షుగర్ ఫ్రీ' బార్లలో వాడే మాల్టిటాల్ ఎక్కువైతే కడుపుబ్బరం, విరేచనాలు వస్తాయి, అదీ గుర్తుంచుకోండి.

షుగరు పడిపోతే చాక్లెట్ ఇవ్వవచ్చా?

*మా అత్తగారు ఇన్సులిన్ తీసుకుంటారు. ఒంట్లో వణుకు వస్తే వేసుకోవడానికని పర్సులో డార్క్ చాక్లెట్ పెట్టుకుంటారు. అది సరైనదేనా? – ఓ కోడలు, సర్రీ*

ముందుచూపు ఉన్న మనిషి ఆవిడ, మీరు పర్సులోని వస్తువు మారిస్తే చాలు. చాక్లెట్‌లోని కొవ్వు చక్కెరను ఆలస్యం చేస్తుంది, షుగరు పడిపోయినప్పుడు ఆ ఆలస్యమే ముప్పు. మీటర్ మీద 4 కంటే తగ్గితే 15 గ్రాముల త్వరగా కరిగే చక్కెర కావాలి. గ్లూకోజ్ మాత్రలు గానీ, 150 మిల్లీలీటర్ల పండ్ల రసం గానీ, నీళ్లలో కలిపిన ఒక పెద్ద చెంచా పంచదార గానీ ఇచ్చి, పదిహేను నిమిషాలకు మళ్లీ పరీక్షించండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 911కి ఫోన్ చేయండి.

సీసం, కాడ్మియం ఉన్నాయట

*డార్క్ చాక్లెట్‌లో సీసం ఉందని వాట్సాప్‌లో చదివాను. మా పాప వారానికి రెండుసార్లయినా తింటుంది. రక్తపరీక్ష చేయించాలా? – ఓ తల్లి, మార్కం*

వారానికి రెండు ముక్కలకు రక్తపరీక్ష అక్కర్లేదమ్మా. వార్త మాత్రం పుకారు కాదు. 2022 డిసెంబరులో అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ 28 రకాల డార్క్ చాక్లెట్లను పరీక్షించింది. అన్నిటిలోనూ ఈ లోహాలు ఉన్నాయి, 23 రకాల్లో కాలిఫోర్నియా పెట్టుకున్న కఠినమైన హద్దును ఏదో ఒకటి దాటింది. కాడ్మియం నేలలో నుంచి వేరు ద్వారా గింజకు చేరుతుంది. సీసం ఎక్కువగా గింజలు ఆరబోసినప్పుడు దుమ్ముతో అంటుకుంటుంది. ఈ లోహాలు ఒక్కరోజులో విషమెక్కించవు, ఏళ్ల తరబడి పోగుపడితేనే చిక్కు. పిల్లలకు, గర్భిణులకు డార్క్ చాక్లెట్ రోజూ పెట్టకండి, ఒకే కంపెనీ బార్‌కు అంటిపెట్టుకోకండి. ఇంట్లో పాత పెయింట్ రాలుతున్నా, సీసం కలిసిన పాత్రలు వాడుతున్నా అప్పుడు పరీక్ష గురించి పిల్లల డాక్టర్‌ను అడగండి.

ఐదో నెల, చాక్లెట్ మీద మనసు

*నాకు ఐదో నెల. తెలియక రోజూ నాలుగు గడుల డార్క్ చాక్లెట్ తిన్నాను. కెఫీన్ బిడ్డకు మంచిది కాదని ఇప్పుడే విన్నాను. ఏడుపొస్తోంది. – కాబోయే తల్లి, కాల్గరీ*

ఏడవకండి, మీరు తిన్న దానివల్ల బిడ్డకు ఏమీ కాదు. గర్భిణులు రోజుకు 300 మిల్లీగ్రాముల కెఫీన్ దాటకూడదని హెల్త్ కెనడా చెబుతుంది. 30 గ్రాముల డార్క్ చాక్లెట్‌లో సుమారు 24 మిల్లీగ్రాములే ఉంటుంది, ఒక కప్పు కాఫీలో వంద పైనే. కాఫీ, టీ, కోలా, చాక్లెట్ అన్నీ కలిపి లెక్క చూసుకోండి, గడులు రెండుకు తగ్గించండి, అదీ రోజూ వద్దు. గుండెదడ ఆగకుండా ఉన్నా, బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపించినా చాక్లెట్‌ను తలచుకుంటూ కూర్చోకండి, వెంటనే ప్రసూతి డాక్టర్‌కు చెప్పండి.

హాలోవీన్ సంచీ ఖాళీ చేశాడు

*ఆరేళ్ల బాబు హాలోవీన్ రాత్రి పది చిన్న చాక్లెట్లు తినేసి పన్నెండింటి దాకా గెంతుతూనే ఉన్నాడు. కెఫీన్ ఎక్కేసిందా? – ఓ తండ్రి, మిల్టన్*

ఆ రాత్రి గెంతని పిల్లాడు కెనడాలో ఉండడండీ, నిశ్చింతగా ఉండండి. సంచీలో పడేవి ఎక్కువగా మిల్క్ చాక్లెట్లు, ఒక్కో చిన్నదానిలో కెఫీన్ రెండు మూడు మిల్లీగ్రాములకు మించదు. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు రోజుకు 45 మిల్లీగ్రాములు హద్దు కనుక, పదీ కలిపినా అది దాటలేదు. డార్క్ బార్లయితే లెక్క మారుతుంది, వాటిని పక్కన పెట్టి మీరు తినండి. ఆగని వాంతులు, ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరి ఆడకపోవడం కనిపిస్తే మాత్రం అది కెఫీన్ పని కాదు. అలర్జీ కావచ్చు, ఆలస్యం చేయవద్దు.

రక్తహీనతకు చాక్లెట్ చాలదా?

*నాకు రక్తం తక్కువ. మాత్రలు పడక మానేసి, ఐరన్ ఉంటుందని డార్క్ చాక్లెట్ తింటున్నాను. మూడు నెలలైనా నీరసం తగ్గలేదు, ఇంకేదైనా పెద్ద జబ్బా? – ఓ సోదరి, ఓషావా*

పెద్ద జబ్బు దాకా పోకండమ్మా, కారణం ఇక్కడే ఉండి ఉంటుంది. 30 గ్రాముల్లో మూడున్నర మిల్లీగ్రాముల ఐరన్ ఉన్నమాట నిజమే, కాని కోకోలోని పాలిఫెనాల్స్ దాన్ని ఒంటికి పట్టనివ్వవు, టీలో ఉన్నవీ అంతే. మాత్రలు పడకపోతే మోతాదు గానీ రకం గానీ మార్చమని డాక్టర్‌ను అడగండి. మాత్రకూ, టీ కాఫీ చాక్లెట్లకూ మధ్య రెండు గంటల ఎడం ఉంచండి. ఐరన్ ఒంటికి పట్టేలా తోటకూర పప్పులో నిమ్మరసం పిండుకోండి. నాలుగు అడుగులకే ఆయాసం, గుండెదడ, నెలసరిలో అధిక రక్తస్రావం ఉంటే ఈ వారమే డాక్టర్‌ను కలవండి.

బీపీ మాత్ర మానేశారు

*చాక్లెట్‌తో బీపీ తగ్గుతుందని చదివి మా బాబాయి మాత్రలు పక్కన పెట్టేశారు. చెబితే వినడం లేదు. – ఓ అబ్బాయి, రెజైనా*

మీ భయం సరైనదే నాయనా, ఆ మాత్ర ఈరోజే మొదలుపెట్టాలి. కోకోలోని ఫ్లావనాల్స్ రక్తనాళాలను కొంచెం సడలిస్తాయి, బీపీ తగ్గేది మాత్రం సగటున రెండు పాయింట్లు కూడా ఉండదు. అమెరికాలో 21 వేల మందికి పైగా పెద్దవారి మీద చేసిన కాస్మోస్ పరిశోధన ఫలితాలు 2022లో వచ్చాయి. వారికి ఇచ్చింది కూడా చాక్లెట్ కాదు, 500 మిల్లీగ్రాముల ఫ్లావనాల్స్ ఉన్న క్యాప్సూల్స్. గుండెజబ్బు మరణాలు తగ్గినట్టు కనిపించినా, గుండెపోటు, పక్షవాతం వంటివన్నీ కలిపి చూసిన అసలు లెక్కలో స్పష్టమైన తేడా తేలలేదు. మందుతో పాటు ముక్క తినవచ్చని బాబాయికి చెప్పండి, మందుకు బదులు వద్దు. ఛాతీ నొప్పి, మూతి వంకర పోవడం, మాట తడబడటం కనిపిస్తే 911.

పాల అలర్జీ ఉన్న పిల్లాడు

*మా బాబుకు పాలు పడవు, ఎపిపెన్ దగ్గరుంచుకుంటాం. డార్క్ చాక్లెట్‌లో పాలు ఉండవు కదా అని ఇచ్చాను, పెదవులు వాచాయి. అప్పటి నుంచి ఏది పెట్టాలన్నా చేతులు వణుకుతున్నాయి. – ఓ తల్లి, హాలిఫాక్స్*

తప్పు మీది కాదమ్మా, ఈ పొరపాటు చాలా ఇళ్లలో జరుగుతుంది. మిల్క్ చాక్లెట్ తయారైన యంత్రాల మీదే డార్క్ కూడా తయారవుతుంది, అడుగున మిగిలిన పాలపొడి ఇందులో కలుస్తుంది. పాల పేరు రాయని 88 డార్క్ బార్లను అమెరికా ఎఫ్‌డీఏ పరీక్షిస్తే 51 బార్లలో పాలు బయటపడ్డాయి. 'ఉండవచ్చు' అన్న హెచ్చరికను కంపెనీలు స్వచ్ఛందంగా రాస్తాయి, కాబట్టి అది లేకపోయినా భరోసా కాదు. పాలు అసలే వాడని కర్మాగారంలో చేసిన బార్లే ఇవ్వండి, పెట్టేముందు అలర్జీ డాక్టర్‌ను ఒకమాట అడగండి. పెదవుల వాపుతో పాటు దగ్గు, ఆయాసం, వాంతి వస్తే ముందు ఎపిపెన్, ఆ వెంటనే 911. పాలు తాగితే కడుపుబ్బరం మాత్రమే వచ్చేవారికి ఇంత భయం అవసరం లేదు, అది లాక్టోజ్ పడకపోవడం.

డయాలసిస్‌లో ఉన్న అమ్మ

*అమ్మ వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్తుంది. మనవడి పుట్టినరోజున డార్క్ చాక్లెట్ కేకు ముక్క తిన్నది. ఇప్పుడు ఏమవుతుందోనని ఇంట్లో అందరం అమ్మ ముఖమే చూస్తున్నాం. – ఓ కొడుకు, ఎడ్మంటన్*

ఒక కేకు ముక్కతో ముప్పు రావడం అరుదు, డయాలసిస్ తప్పకుండా చేయించుకుంటే చాలు. 30 గ్రాముల డార్క్ చాక్లెట్‌లో సుమారు 215 మిల్లీగ్రాముల పొటాషియం, 90 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్ ఉంటాయి. కిడ్నీలు బాగున్నవారికి అది లెక్కలోకి రాదు, ఆమెకు వస్తుంది. తినాలనిపిస్తే ఏ రోజు, ఎంత అన్నది డయాలసిస్ కేంద్రంలోని డైటీషియన్‌ను అడగండి. కాళ్లూచేతులు ఉన్నట్టుండి సత్తువ కోల్పోయినా, గుండె లయ తప్పినట్టు అనిపించినా అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. కిడ్నీలో ఆక్సలేట్ రాళ్లు వచ్చినవారు కూడా డార్క్ చాక్లెట్ తగ్గించుకోవడం మంచిది.

మలం నల్లగా వచ్చింది

*నిన్న పండగ పేరుతో చాక్లెట్ బాగా తిన్నాను. ఈ ఉదయం మలం నల్లగా ఉంది. లోపల రక్తం పోతోందా? క్యాన్సరా? – పేరు వద్దన్న పాఠకుడు, ఒట్టావా*

ముందు ఒక గ్లాసు నీళ్లు తాగి స్థిమితపడండి. డార్క్ చాక్లెట్ ఎక్కువ తిన్న మర్నాడు మలం ముదురు రంగులో రావడం మామూలే, ఐరన్ మాత్రలు వేసుకునేవారికీ అలాగే వస్తుంది. ఒకటి రెండు రోజుల్లో రంగు దానంతటదే తిరిగి వస్తుంది. తారులా జిగటగా, భరించలేని వాసనతో వస్తే, లేదా కళ్లు తిరగడం, కడుపునొప్పి తోడైతే అది లోపలి రక్తస్రావం కావచ్చు, ఆ రోజే అత్యవసర విభాగానికి వెళ్లండి. రక్తం పలచబరిచే మందులు, నొప్పి మాత్రలు వాడేవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

చలికాలం, ఒంటరితనం, చాక్లెట్

*చదువుకోవడానికి వచ్చాను. నాలుగింటికే చీకటి పడుతోంది. రోజూ రాత్రి ఒక బార్ తినకపోతే మనసు నిలవడం లేదు, నిద్రా రావడం లేదు. వ్యసనమైపోయిందా? – ఓ విద్యార్థి, విన్నిపెగ్*

వ్యసనం అని పేరు పెట్టుకోకు బాబూ, చలికాలపు చీకట్లో తీపి మీదకు మనసు పోవడం చాలామందికి జరుగుతుంది. వంద గ్రాముల బార్‌లో 80 మిల్లీగ్రాముల కెఫీన్, దాంతో పాటు అదే తరహా ఉత్సాహం ఇచ్చే థియోబ్రోమిన్ ఉంటాయి. నిద్ర రాకపోవడానికి అది ఒక కారణం కావచ్చు. రెండు గడులు, అదీ మధ్యాహ్నం తిను. పగటి వెలుగులో అరగంట నడువు. రాత్రి వేడి పాలు తాగి, ఇంటికి ఫోన్ చెయ్యి. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే యూనివర్సిటీ కౌన్సెలర్‌ను కలువు. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా 988కి ఫోన్ గానీ మెసేజ్ గానీ చెయ్యి, రాత్రీ పగలూ పలుకుతారు.

తెల్లటి పొర, బూజేనా?

*బేస్‌మెంట్‌లో దాచిన చాక్లెట్ మీద తెల్లగా పొర వచ్చింది. చూసుకోకుండా పిల్లలు తినేశారు. – ఓ తల్లి, సస్కటూన్*

పిల్లలకు ఏమీ కాదు, అది బూజు కాదండీ. చల్లదనం, వేడి మారినప్పుడు లోపలి కోకో వెన్న గానీ, తేమకు చక్కెర గానీ పైకి తేలి అలా కనిపిస్తుంది. రుచి కాస్త తగ్గుతుంది, హాని లేదు. నూగులా మెత్తగా ఉన్నా, పచ్చగా ఉన్నా, ముక్క వాసన వచ్చినా పారేయండి.

కుక్క తినేసింది

*మా పది కిలోల కుక్క బల్ల మీద ఉన్న 70 శాతం బార్‌లో మూడో వంతు తినేసింది. ఇప్పటికైతే హుషారుగానే ఉంది. చూద్దాంలే అనుకోవచ్చా? – ఓ కుటుంబం, వాంకూవర్*

దీనికి మాత్రం వేచి చూడవద్దు, వెంటనే పశువైద్యుడికి ఫోన్ చేయండి. థియోబ్రోమిన్‌ను మనుషులు త్వరగా విడగొట్టుకుంటారు, కుక్కలు అలా చేయలేవు, మీరు చెప్పిన మోతాదుకే జబ్బు చేయవచ్చు. లక్షణాలు కొన్ని గంటలు ఆలస్యంగా మొదలవుతాయి కనుక హుషారును నమ్మకండి. కుక్క బరువు, బార్ మీది శాతం, ఎంత తిన్నది చెప్పండి. ఉప్పునీళ్లు పట్టి వాంతి చేయించకండి. త్వరగా చూపిస్తే చాలా కుక్కలు కోలుకుంటాయి.

మన గోదావరి కోకో

*మా బావమరిది హైదరాబాద్ నుంచి పశ్చిమ గోదావరి కోకోతో చేసిన డార్క్ చాక్లెట్ తెచ్చాడు. అట్ట మీద కొవ్వు అంకె ఇక్కడి బార్ కంటే రెండింతలు పైనే ఉంది. తినవచ్చా? – ఓ పెద్దాయన, కాల్గరీ*

హాయిగా తినండి, ఆ అంకె వెనక తేడా లెక్క రాసే పద్ధతిదే. మన దేశంలో పోషకాలు వంద గ్రాములకు రాస్తారు, కెనడాలో ఒక వడ్డనకు రాస్తారు. రెండూ వంద గ్రాములకు మార్చి చూస్తే ఇంచుమించు ఒక్కటే అవుతాయి. కొబ్బరి, పామాయిల్ తోటల నీడలో పండే కోకోలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ముందుంది, హైదరాబాద్‌లోని మనం చాక్లెట్ వంటి సంస్థలు ఆ గింజలతోనే బార్లు చేస్తున్నాయి. శాకాహారులకు ఒక మాట: ఆకుపచ్చ చుక్క మన దేశపు అట్టల మీదే ఉంటుంది, ఇక్కడి బార్లకు పదార్థాల జాబితా చదువుకోవాలి.

అందరికీ ఒక విన్నపం

డార్క్ చాక్లెట్‌లో మెగ్నీషియం, రాగి, పీచు ఉన్నమాట నిజం, అయినా అది మిఠాయే. ఆరోగ్యవంతులకు రోజుకు రెండు మూడు గడులు చాలు, తినకపోయినా ఒంటికి ఏ లోటూ రాదు. ఇకమీదట ఉత్తరం రాసేటప్పుడు అట్ట వెనకవైపు ఫొటో, మీరు వాడే మందుల పేర్లు జతచేయండి. ఒంట్లో తేడాగా ఉంటే మా జవాబు కోసం ఆగవద్దు. చాలా ప్రావిన్సుల్లో 811కి ఫోన్ చేస్తే నర్సు ఉచితంగా సలహా చెబుతారు, ప్రాణం మీదకొస్తే 911.